గనుల సీమకు గణన జీవశాస్త్రము

జీవశాస్త్రమును గణితముతోను కంప్యూటరుతోను ముడివేసి పరిశోధన సలుపు యువకులకు ప్రత్యేకముగ సభలు జరుపు ఆచారము లోకమున నేర్పడి యిరువదియేండ్లు గడచినవి. అంతర్జాతీయ గణన జీవశాస్త్ర సంఘమునకు అనుబంధముగ నున్న విద్యార్థి మండలి 2005వ సంవత్సరమున స్పెయిను దేశపు రాజధానియగు మాడ్రిడ్ నగరములో తన మొదటి సభను జరిపినది. సభాభారము వహించినవారు విద్యార్థులు. వేదికనెక్కి తమ పరిశోధనలను వినిపించినవారిలో అధికులును విద్యార్థులే. పెద్దలు వచ్చి కూర్చుండి వినిరి, ప్రశ్నించిరి, తప్పులు దిద్దిరి. అట్టి సభ యొకటి తెలుగునాట, అందును హైదరాబాదునగాక మంచిర్యాల జిల్లాలోని మందమర్రిలో, ఏటేట జరుగవలెనని మేము కోరుచున్నాము.

ఈ మాట వినినంతనే పాఠకులలో కొందరు నవ్వవచ్చును. బొగ్గుబాయి సైరను విని లేచి, సైరను విని పరుండు ఊరికి ఈ క్రొత్త శాస్త్రముతో నేమి పని యని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగ ఈ శాస్త్రమేదియో తెలియవలెను. మనుష్యుని దాదాపు ప్రతి జీవకణమునందును వంశానుగతముగ వచ్చిన లేఖ యొకటి గలదు. అది నాలుగక్షరముల లిపిలో వ్రాయబడినది. దాని నిడివి సుమారు 300 కోట్ల యక్షరములు. మానవజాతికి సంబంధించిన ఆ లేఖను చదువు మహాకార్యము 2003లో ముగిసినది. కాని చదువుట వేరు, అర్థము చేసికొనుట వేరు. గ్రామమున పహాణీ పుస్తకమును ముందుంచుకొని, ఏటికేడు సరిచూచి, ఏ సర్వే నంబరులో నే యంకె మారినది, ఎవరి పేరు తప్పిపోయినది యని పట్టుకొను లెక్కగాని పనియెట్టిదో మన భూస్వాములకు దెలియును. గణన జీవశాస్త్రజ్ఞుని పనియు అట్టిదే. ఆతడు వేలమంది లేఖలను ప్రక్కప్రక్క నుంచి, ఎచ్చట నే యక్షరము మారినది, ఆ మార్పువలన నే వ్యాధి కలిగినది యని కంప్యూటరు సాయమున తేల్చును. 1965లో అమెరికాలో మార్గరెట్ డేహాఫ్ అను విదుషి మాంసకృత్తుల యక్షరక్రమములను సేకరించి గ్రంథముగ వెలువరించినపుడు అందున్నవి 65 మాత్రమే. నేడు 20 కోట్లకు మించిన మాంసకృత్తుల యాకృతులను కంప్యూటరు ఊహించి చెప్పినది. ఆ భాండాగారమును ఎవరైనను వెల లేకుండ తెఱచి చూడవచ్చును. ఈ ఘనకార్యమునకును, దీనికి సన్నిహితమైన మఱియొక కృషికిని గాను 2024లో డేవిడ్ బేకర్, డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అను మువ్వురకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. కంప్యూటరు పుట్టి నడక నేర్వకముందే మన తెలుగువాడొకడు ఈ బాటను నడచెను. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం. ఏ. పట్టమునంది, ఉద్యోగమునకై సైన్యమువారి పరీక్షకు కలకత్తా వెళ్లిరి. ఆ యుద్యోగము దొరకలేదు. వారు బసచేసిన దక్షిణాదివారి హోటలులో తారసపడిన యువకుడొకడు, తాను మహలనోబిస్ గారి గణాంకశాస్త్ర సంస్థలో శిక్షణ పొందుచున్నానని చెప్పెను. ఆ మాటను పట్టుకొని రావుగారు అక్కడకు వెళ్లి చూచిరి; 1941లో చేరిరి. 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడాను దేశమున త్రవ్వకములలో దొరకిన పురాతన మానవుల యెముకల కొలతలను లెక్కకట్టిరి. అనేకములైన కొలతలనుబట్టి జీవులను వర్గీకరించు పద్ధతినిగూర్చి వారు 1948లో ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రామాణికమే. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, గణాంకశాస్త్రమున అంతర్జాతీయ బహుమానమునంది, ఆ యేటనే వారు కీర్తిశేషులైరి.

ఈ కథలో మేము గమనింపుమని కోరునది వారి మేధను మాత్రమే కాదు. ఇరువదేండ్ల యువకునకు హోటలులో ఆ పరిచయము కలుగకపోయినచో నేమయ్యెడిది? ఉద్యోగము దొరకని పట్టభద్రుడొకడు రైలెక్కి యింటికి తిరిగి వచ్చియుండును. లోకము ఆతని పేరు వినియుండదు. మన పల్లెలలో, పట్టణములలో అట్లు తిరిగి వచ్చినవారెందరో ఎవరు లెక్కించిరి? దైవికముగ నొక్కని కబ్బిన ఆ సమాగమమును, బుద్ధిపూర్వకముగ పదిమందికి కలిగించుటయే యువపరిశోధకుల సభల పరమప్రయోజనము. పెద్దల సభలలో చిన్నవాడు తన పటమును గోడకు తగిలించి ప్రక్కన నిలుచుండును. పిలిచి యడుగువాడు అరుదు. తనవారి సభలో ఆతడు నోరు విప్పును. తన లెక్కలో తప్పున్నచో, పత్రికలో అచ్చుపడి పదిమంది నవ్వకముందే, తోడివాడు చెప్పగా దిద్దుకొనును. తనకు కావలసిన గురువెవరో, తన ప్రశ్ననే మఱియొక యూరిలో నెవడు వేసికొనుచున్నాడో తెలిసికొనును.

మన దేశమున ఈ విద్యకు పునాదులు లేకపోలేదు. 1963లో మద్రాసున రామచంద్రన్ గారును, వారితో పనిచేసిన రామకృష్ణన్, శశిశేఖరన్ గార్లును మాంసకృత్తుల గొలుసు ఏయే విధముల వంగగలదో, ఏయే విధముల వంగజాలదో లెక్కగట్టి పటము వేసిరి. ఆ పటము నేటికిని ప్రపంచమంతట పాఠ్యగ్రంథములలో నున్నది. కేంద్రప్రభుత్వమువారి జీవసాంకేతిక శాఖ 1986లో నేర్పడి, ఆ వెనువెంటనే విశ్వవిద్యాలయములలో జీవశాస్త్ర సమాచార కేంద్రములను నెలకొల్పనారంభించినది. హైదరాబాదున 1977లో పుట్టిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము గలదు. అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ గలదు. విశ్వవిద్యాలయ ప్రాంగణమున రాధాకృష్ణారావుగారి పేరనే గణిత, గణాంక, కంప్యూటరు శాస్త్రముల సంస్థ గలదు. పదివేలమంది భారతీయుల జీవలేఖలను చదువు జాతీయ ప్రణాళిక సఫలమై, 2025 జనవరిలో ఆ సమాచారము పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది. ఇన్నియు మంచివే. ఐనను తెలంగాణమున ఈ సంపద యంతయు చాలవఱకు రాజధానియం దొక్కచోట పోగుపడి యున్నది. కాజీపేట నుండి బల్లార్షా పోవు రైలుమార్గమున, హైదరాబాదునకు సుమారు 250 కిలోమీటర్ల దూరముననున్న మందమర్రి బాలునకు అది మాడ్రిడ్ కంటె చేరువలో లేదు.

మందమర్రినే యేల కోరవలెను? ఆ శాస్త్రము వేయు ప్రశ్నలు ఆ సీమలోని మనుష్యుల శరీరములలోనే యున్నవి గనుక.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని గోండు, కొలాము గూడెములలో కొడవలికణ రక్తహీనత యను వ్యాధి గలదు. రక్తమునకు ఎఱ్ఱదనమిచ్చు పదార్థమును నిర్మించు లేఖలో ఒక్క యక్షరము మారుటయే దీనికి మూలము. ఆ యొక్క యక్షరమువలన గుండ్రని రక్తకణము కొడవలివలె వంగి, సన్నని నాళములలో తట్టుకొని, కీళ్లలో, ఎముకలలో దుర్భరమైన నొప్పి కలిగించును. బాలురను మంచమునకు ఈడ్చును. తల్లిదండ్రులిరువురును ఈ మార్పును మోయుచున్నవారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి కలుగుటకు నాలుగింట నొకపాలు అవకాశముండును. 2023 జూలై 1వ తేదీన కేంద్రప్రభుత్వమువారు 2047 నాటికి ఈ వ్యాధిని రూపుమాపవలెనని జాతీయ ప్రణాళికను ప్రారంభించిరి. 7 కోట్లమంది రక్తమును పరీక్షింప సంకల్పించిరి. పరీక్షించుట మొదటి మెట్టు మాత్రమే. ఒకే యక్షరదోషము గల యిరువురు బిడ్డలలో ఒకనికి బాధ తీవ్రముగను, మఱియొకనికి స్వల్పముగను ఉండుట వైద్యులెఱిగినదే. మాతృగర్భమున శిశువునందుండు రక్తవర్ణము పుట్టిన తరువాతను కొందరిలో అధికముగ నిలిచి యుండుట దీనికొక హేతువు. తక్కిన హేతువులేవి? ఎవరికి నే మందు ముందుగ నీయవలెను? ఇది వేలమంది లేఖలను, వేలమంది వ్యాధిచరిత్రలను కలిపి గణించిననే తేలును. ఆ గణన చేయు యువకుడు ఒక్కసారియైన ఆ గూడెమునకు వచ్చి, ఆ బిడ్డను చూడవలదా?

రెండవది బొగ్గుధూళి. భూగర్భమున ముప్పదియేండ్లు పనిచేసినవాని ఊపిరితిత్తులలో ఆ ధూళి పేరుకొని శ్వాసను హరించును. చట్టము ననుసరించి గని కార్మికులకు నిర్ణీతకాలమున కొకమారు వైద్యపరీక్షలు జరుగును, ఛాయాచిత్రములు తీయబడును. ఒకే గనిలో, ఒకే షిఫ్టులో, ఒకే ధూళిని పీల్చిన యిరువురిలో ఒకడు అరువదియేండ్లకు ఆరోగ్యముగ నడచుటకును, మఱియొకడు రొప్పుటకును కారణమేమని యెవరు విచారింపవలెను? ఆ ఛాయాచిత్రములను పోల్చి, రోగమును తొలిదశలోనే పసిగట్టు విధానములను కంప్యూటరునకు నేర్పుట ఈ యువకుల విద్యయే. విద్యయు రోగియు ఒకచోట కలిసికొనుట లేదు.

మూడవది అందఱకు సంబంధించినది. పట్టణములలో సుఖముగనున్న మా పాఠకులకును సంబంధించినది. మేనరికము మన సంప్రదాయము. తన కులమునందే పెండ్లియాడుట మన యాచారము. హైదరాబాదు కణజీవశాస్త్ర కేంద్రమువారును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 260కి పైగా జనసమూహములనుండి 2,800 మందికి పైగా వ్యక్తుల జీవలేఖలను పోల్చిచూచిరి. 81 సమూహములు కొలదిమంది పూర్వుల సంతతిగ, తమలో తామే పెండ్లియాడుచు పెరిగినవని తేలినది. దీని ఫలముగ అరుదైన వ్యాధులు ఆయా కులములలో అధికమగును. తెలుగునాటి వైశ్యులనే యుదాహరణముగ నందు చూపిరి: శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకిచ్చు కొన్ని మందులను విఱుగగొట్టజాలని లక్షణము వారిలో నితరులకంటె సుమారు నూరురెట్లు అధికము. ఇది నింద కాదు. ముందుగ తెలిసిన వైద్యుడు వేఱొక మందు నిచ్చి ప్రాణము కాపాడును. ఆ పరిశోధన వ్రాసినవారిలో మొదటి పేరు గలవాడు నాటికి విద్యార్థియే యనుట కూడ స్మరింపదగినది.

ఇంక మా మనస్సును కలతపెట్టుచున్న విషయమును చెప్పెదము. 1871లో కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొన్నది మొదలు ఈ గోదావరీతీరము ఇతరుల యిండ్లకు వెలుగును, ఇతరుల యంత్రములకు బలమును పంపుచునేయున్నది. బొగ్గు బండ్లలో పోయినది. ఎముకలును పోయినవి. ప్రాణహిత, గోదావరి లోయలో 1958 మొదలుగ త్రవ్వితీసిన మహాకాయమైన రాక్షసబల్లి యస్థిపంజరము కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థలో నిలుచున్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లి పేరనే 1988లో నామకరణమొందిన మఱియొక రాక్షసబల్లి హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో నున్నది. యామనపల్లి బాలుడు దానిని చూడవలెనన్న రైలు టిక్కెట్టు కొనవలెను. ఇప్పుడు నెత్తురు పోవుచున్నది. గూడెములలో సేకరించిన రక్తపుచుక్కలు నగరములకు పోయి అంకెలగును, అంకెలు వ్యాసములగును, వ్యాసములు పట్టములగును. రక్తమిచ్చిన యింటికి ఏమి తిరిగి వచ్చుచున్నది? ముడిసరకును పంపి, పక్కాసరకును కొనుక్కొనుట పరాధీనతయని మన పెద్దలు నేర్పిన పాఠము బొగ్గునకును నూలునకును మాత్రమే వర్తించునా?

ఆక్షేపణలు మాకు తెలియును. మందమర్రిలో ప్రయోగశాల లేదందురు. గణన జీవశాస్త్రమునకు గాజుకుప్పెలు అక్కఱలేదు; విద్యుత్తు, కంప్యూటరు, అంతర్జాలము చాలును. సమాచార భాండాగారములు చాలవఱకు వెల లేకుండ తెఱచియున్నవి. దేశమునకు విద్యుత్తు నిచ్చు సీమలో సభకు విద్యుత్తు కొఱతయగునా? సింగరేణి సంస్థకు విశాలమైన సభాభవనములును అతిథిగృహములును గలవు. 2022 నవంబరులో ఒకేదినమున ప్రారంభమైన యెనిమిది ప్రభుత్వ వైద్యకళాశాలలలో మంచిర్యాల, రామగుండము రెండును ఈ బొగ్గుసీమలోనివే. వైద్యవిద్యార్థులు ఇచ్చట నున్నారు. రోగులు ఇచ్చట నున్నారు. ప్రోగ్రాములు వ్రాయ నేర్చిన కార్మికుల బిడ్డలు ఇంటింట నున్నారు. వీరిని కలుపు తాడు మాత్రము లేదు.

ఇంటనుండియే తెఱపై ముఖములు చూచుకొని సభలు జరుపుకొనుచున్న యీ దినములలో ప్రయాణవ్యయమేల యనువారును గలరు. తెఱపై ఉపన్యాసము వినవచ్చును. కాని ఉపన్యాసము ముగిసిన వెనుక టీ త్రాగుచు జరుగు ముచ్చట తెఱపై జరుగదు. రాధాకృష్ణారావుగారి జీవితమును మలుపు త్రిప్పినది ఉపన్యాసము కాదు, అట్టి ముచ్చటయే.

ఇది యెన్నో ఉద్యోగములు తెచ్చునని మేము ఆశచూపము. ఒకప్పుడు లక్షకు మించి కార్మికులుండిన సింగరేణిలో నేడు నలుబదివేల ప్రాంతమున మాత్రమే యున్నారు. తండ్రి కొలువు కొడుకునకు దక్కునను ధీమా సడలినది. ఆ లోటును ఒక శాస్త్రసభ తీర్చజాలదు. కాని గని మూతపడిన పిదప ఊరిలో నేమి మిగులునని యడుగుకొనుచున్న తల్లిదండ్రులకు, మిగులగలవానిలో విద్య యొకటి యని చూపగలదు. ఏడాదికి పదిమంది ఆ బాటపట్టినను, పదేండ్లకు నూరుమంది.

సభ జరుగుట యొక్కటే చాలదు. జరుగవలసిన తీరున జరుగవలెను. అందులకు మూడు నియమములు కావలెను. ప్రవేశరుసుము బీదవిద్యార్థులకు వలదు; వసతియు భోజనమును సభవారే యొసగవలెను. రెండవది భాష. పరిశోధనలు ఇంగ్లీషున జరుగును, జరుగుగాక. కాని ప్రతి సభలోను ఒక పూట, పరిశోధకులు తమ పనిని తెలుగున, ఊరివారి యెదుట, ఏ.ఎన్.ఎం.ల యెదుట, ఆశా కార్యకర్తల యెదుట వివరింపవలెను. గోండి తెలిసినవారు దానిని గూడెమువారికి విప్పిచెప్పవలెను. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు శాస్త్రము తెలుగున పలుకదను మాటను నాడే త్రోసివేసిరి. తన శాస్త్రమును తల్లికి చెప్పజాలనివాడు దానిని తానెంత గ్రహించెనో సందేహింపవలసినదే.

మూడవ నియమము తక్కిన రెండింటికంటె ముఖ్యము. రక్తమిచ్చువాడు తెలిసి యీయవలెను. వైద్యపరిశోధనలకు భారతీయ వైద్యపరిశోధన మండలివారు 2017లో ప్రకటించిన నియమావళియు ఇదియే చెప్పుచున్నది. కాగితముపై వ్రేలిముద్ర సమ్మతి కాదు. అర్థమైన మాటకు చెప్పిన ఔననుటయే సమ్మతి. ఫలితము ఆ యింటికే ముందుగ, మఱుగుగ చేరవలెను. ఒక కన్య ఈ వ్యాధి లక్షణమును మోయుచున్నదని బయటపడి, ఆమెకు సంబంధము తప్పిపోయినచో, ఆ గణన యెంత నిర్దుష్టమైనను మేము దానిని శాస్త్రమని యొప్పుకొనము. లక్షణమును మోయుట రోగము కాదు. అట్టివారిరువురు తెలియక పెండ్లియాడుటయందే యపాయమున్నది. ఈ సూక్ష్మమును లెక్కలు వేయు యువకుడు గ్రహింపవలెనన్న, ఆ కన్య తల్లి యెదుట కూర్చుండి ఆమె ప్రశ్నలకు బదులు చెప్పవలెను. నగరమున ఆ పాఠము చెప్పు గురువు లేడు. మందమర్రిలో గలడు.

సింగరేణి సంస్థవారు లాభములలో కొంత ప్రజాసేవకు వెచ్చించుచున్నారు; సభామందిరమును, వసతిని వారొసగవలెను. హైదరాబాదు సంస్థలలోని పెద్దలు ఏడాదికి రెండు దినములు రైలెక్కి వచ్చి, విద్యార్థులవలె వెనుకవరుసలో కూర్చుండవలెను. రాష్ట్రప్రభుత్వమువారు వైద్యకళాశాలలను, ఇంజనీరింగు కళాశాలలను ఈ పనికి జతపఱుపవలెను. మా పాఠకులలోని భూస్వాములు, వర్తకులు తమ పిల్లల వివాహములకు వెచ్చించు దానిలో నూఱవపాలు ఒక బీదవిద్యార్థి ప్రయాణమునకును పుస్తకములకును ఇచ్చినచో, ఆ వివాహములనుండి పుట్టు మనుమలకే ఆ విద్య యుపకరింపవచ్చును.

బొగ్గు భూమినుండి ఒక్కమారే తీయవచ్చును. తీసిన చోట గొయ్యి మిగులును. విద్య యట్టిది కాదు. ఈ సీమ ఇన్నేండ్లు ఇచ్చినది. ఇప్పటికైనను కొంత పుచ్చుకొనవలెను. మందమర్రిలో సభామందిరపు తలుపులు తెఱువుడు, పిల్లలు వచ్చెదరు.